వైపర్ జగన్నాధం

మా ఆయన పేరు జగన్నాధం. కానీ ఆమదాలవలస స్టేషను బయట కార్ల స్టాండుకి వెళ్లి జగన్నాధం ఎక్కడ అని అడిగితే, ఏ జగన్నాధం అని ఎదురు అడుగుతారు. వైపర్ జగన్నాధం అంటే చాలు, టీ గ్లాసు పట్టుకున్న చేత్తోనే చూపిస్తారు. ఈ పేరు మొదటిసారి నా చెవిన పడ్డప్పుడు నాకు ఒళ్లు మండింది. కట్టుకున్నవాణ్ణి కారు సామానుతో కలిపి పిలుస్తుంటే ఏ ఆడదానికైనా మండుతుంది. ఆయనకి మాత్రం అది శాలువా కప్పి ఇచ్చిన బిరుదులా ఉండేది. ఇప్పుడు నాకూ అలాగే ఉంది. నా మనసు ఎందుకు మారిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆయన కారు ఆపడం చూడాలి. ఇంజను ఆపుతాడు, దిగుతాడు, తలుపు వేస్తాడు, ముందుకి వెళ్లి అద్దం మీద పడుకున్న రెండు వైపర్లనీ పట్టుకుని పైకి లేపి నిలబెడతాడు. ఆ తర్వాతే మనతో మాట్లాడతాడు. ఎండలో ఆపిన కారు అద్దం పెనంలా కాలుతుంది. దానికి అతుక్కుని ఉంటే రబ్బరు గట్టిపడి వంకర తిరుగుతుంది. అలాంటి రబ్బరు వానలో నీళ్లు తుడవదు, అద్దం మీద గీతలు గీస్తుంది. ఇది ఆయన పాఠం. సాయంత్రం ఇంటికొచ్చాక తడిగుడ్డతో రబ్బరు అంచు పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకి తుడుస్తాడు. గుడ్డకి అంటిన నల్లటి మట్టిని తెచ్చి నాకు చూపిస్తాడు. చూసి నేనేం చెయ్యాలో నాకు ఇప్పటికీ తెలియదు. కోతల రోజుల్లో రాజాం వైపు కిరాయి బేరానికి వెళ్లొస్తే అద్దం నిండా వడ్ల పొట్టు, దుమ్ము ఉంటాయి. ముందు చెంబుతో నీళ్లు పోసి అదంతా దిగిపోయాకే వైపరు వెయ్యాలి. పొడి అద్దం మీద ఎవరైనా వైపరు వేస్తే ఆయనకి పళ్లు జివ్వుమంటాయి. పక్కవాడి కారైనా సరే, వెళ్లి చెప్పి వస్తాడు.

పెళ్లిచూపుల రోజునే నాకు ఈ సంగతి తెలియాల్సింది. అప్పటికి ఆయనకి సొంత బండి లేదు, రాజాంలో ఒక షావుకారు గారి జీపు తోలేవాడు. ఆ జీపు అడిగి తెచ్చుకుని పొందూరు దగ్గర మా ఊరికి వచ్చాడు. వీధంతా చూస్తుండగా దిగి, చొక్కా సర్దుకోవడం మానేసి, వెళ్లి వైపర్లు లేపాడు. మా మేనత్త అసిరమ్మ నోరు ఊరుకునే రకం కాదు.

"ఏటే, బండి సేతులెత్తీసింది. ఈ పెళ్లి వద్దంటన్నాదేటి?" అంది.

అందరూ నవ్వారు. తలుపు వెనక నేను పళ్లు కొరుక్కున్నాను. ఆయన నవ్వుతున్నవాళ్లని దాటుకుని సరాసరి మా మేనత్త దగ్గరికే వెళ్లి, ఎండకి రబ్బరు ఎలా పాడవుతుందో చెప్పడం మొదలుపెట్టాడు. పిల్ల పేరు ఝాన్సీలక్ష్మి అని ఆయనకి తెలిసింది ఆ తర్వాతే. ఈ మనిషికి బండి ముందు, పెళ్లాం తర్వాత అని ఆ రోజే అనుకున్నాను. చేసుకున్నాను కూడా. దానికి కారణం చెప్పమంటే సిగ్గేస్తుంది గానీ, అంతమంది నవ్వుతున్నా తల దించని మగాణ్ణి నేను అప్పటికి చూసి ఉండలేదు.

ఆ పిచ్చికి ఒక మొదలుంది. మీసం రాకముందే ఆయన లారీ క్లీనరుగా వెళ్లాడు. ఆ లారీకి వైపరు మోటారు ఎప్పుడో కాలిపోయింది. ఓనరు బాగు చేయించలేదు. వాన వస్తే వైపరుకి రెండు తాళ్లు కట్టేవారు. ఒక తాడు డ్రైవరు తన కిటికీలోంచి లాగేవాడు, రెండోది ఈయన ఇటు కిటికీలోంచి లాగేవాడు. పలాస నుంచి లోడుతో వస్తుండగా ఒకసారి వాన మధ్యలో తాడు తెగింది. అలాగే పోనిచ్చారు. రోడ్డు పక్కన గొడుగు వేసుకుని నిలబడ్డ ఒక ముసలాయన ఇద్దరికీ కనపడలేదు. మనిషి తప్పించుకున్నాడు, గొడుగు టైరు కింద పడి నలిగిపోయింది. ఆ ముసలాయన తిట్టలేదు, కేకలు పెట్టలేదు. నలిగిన గొడుగు కేసి చూస్తూ వానలో అలాగే నిలబడిపోయాడట. ఆ మొహం తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సహించదంటాడు మా ఆయన. కనపడకపోతే తోలకూడదన్న పట్టుదల ఆయనకి అక్కడ పట్టుకుంది.

స్టాండులో వాళ్లకి ఈ కథ తెలుసు. అయినా ఆటపట్టిస్తారు. గోవింద్ అని ఒక కుర్ర డ్రైవరు ఉన్నాడు, ఈయన టీకి వెళ్లగానే వైపర్లు దించేసి ఏమీ ఎరగనట్టు కూర్చుంటాడు. కొండబాబు మా ఆయనకి వరసకి బావమరిది అవుతాడు, వాడైతే మరీను. అయితే వానాకాలం మొదలయ్యే ముందు ఆ ఇద్దరే వచ్చి, "బావా, నాది ఓసారి సూడు, అద్దం మసకేస్తన్నాది," అని బతిమాలుకుంటారు. ఈయన వెళ్లి, అద్దం మీద మడత పెట్టిన తువ్వాలు పరిచి, కొత్త రబ్బరు ఎక్కించి వస్తాడు. తువ్వాలు దేనికంటే, రబ్బరు తీసిన కమ్మీ చెయ్యి జారి అద్దానికి కొట్టుకుంటే అద్దం పగులుతుంది. ఇలాంటి రోజుల్లో ఆయన నడక చూస్తే కలెక్టరు గారు తనిఖీకి వచ్చినట్టుంటుంది.

ఇక మా రేఖ సంగతి. మాకు ఒక్కతే కూతురు. బరువులెత్తుతుంది. మా వైపు ఆడపిల్లలు బరువులెత్తడం వింత కాదు. ఊరికొకరు ఉన్నారు, గెలిచి వస్తే డప్పులతో ఊరేగిస్తారు. పాత గోడౌనులో కోచ్ పృథ్వీరాజ్ గారు నేర్పుతారు. కిందటేడు రాష్ట్ర జట్టు ఎంపికల ముందు దాని మణికట్టు వాచి కూర్చుండిపోయింది. ఈ ఏడు విజయనగరంలో ఎంపికలు పెట్టారు. ఇది దాటితే తన వయసు పిల్లల జట్టులో దానికి ఇక చోటుండదు. ఇంకో మెలిక కూడా ఉంది. పోటీకి ముందు ఒక గంటసేపు పిల్లల ఒంటి బరువు చూస్తారు. ఆ గంటలోపు వెళ్లి కాటా ఎక్కాలి. ఎక్కకపోతే ఎంత బలమున్నా బయట కూర్చుని చప్పట్లు కొట్టుకోవాలి. బరువు కాస్త ఎక్కువున్నా అంతే. అందుకని ముందురోజు నుంచి రేఖ నోట్లో మంచినీళ్లు కూడా పోసుకోలేదు. ఆకలికి మొహం వాడిపోయి, ఎవరు పలకరించినా కసురుకుంటూ ఉంది. నా కూతురే కదా.

సరిగ్గా అప్పుడే వాయుగుండం పట్టింది. ముందురోజు సాయంత్రం ఆకాశం నల్లగా మూసుకుంది. మా ఆయన వాకిట్లో వైపర్ల రబ్బర్లు తుడుచుకుంటున్నాడు. మా అత్త దాలమ్మ అరుగు మీద కూర్చుని చూస్తోంది. పొలం పుట్రా ఉన్న ఇంట్లో పుట్టి, అలాంటి ఇంట్లోనే కాపురం చేసిన మనిషి. ఏరువాక రోజున ఎద్దుకొమ్ములకి, నాగలికి నూనెలో కలిపిన పసుపు రాయందే పొలంలోకి అడుగు పెట్టనిచ్చేది కాదు. పొలం మా మరిది చేతికి వెళ్లాక మా దగ్గరికి వచ్చింది గానీ, ఆ చేతి అలవాటు పోలేదు. నా కుట్టుమిషనుకి కూడా శుక్రవారం పసుపు పడాల్సిందే.

"వాన వస్తాదంట కదరా. రేపు బండి ఎల్తాదా?" అని అడిగింది.

"ఎల్తాదమ్మా. రేపు పనంతా ఈటిదే," అని ఆయన వైపర్లు చూపించాడు.

మా అత్త వాటికేసి కాసేపు చూసింది. "అయితే మన గుంట ఈటి సేతుల్లో ఉన్నాదన్నమాట," అంది మనవరాల్ని తలుచుకుని. ఆయన నవ్వి అవునన్నాడు. నేను లోపల రొట్టెలు కాలుస్తూ వింటున్నాను. అందులో వినాల్సినదేదో ఉందని నాకు తట్టలేదు.

తెల్లవారుజామున బయల్దేరాం. ముందు ఆయన, పక్కన నేను, వెనక రేఖ, దాని పక్కన మా అత్త. వద్దంటే వినలేదు, మనవరాలు బరువెత్తడం కళ్లారా చూస్తానంది. నేను టిఫిను డబ్బా కడుతుండగా ఆవిడ చీకట్లో వాకిట్లోంచి చిన్న గిన్నె పట్టుకుని లోపలికి రావడం చూశాను. కారుకి బొట్టు పెట్టింది కాబోలు అనుకున్నాను.

చిలకపాలెం దగ్గర హైవే ఎక్కేదాకా మబ్బే గానీ చినుకు లేదు. ఆ తర్వాత ఒక్కసారిగా కుండపోత మొదలైంది. మా ఆయన కులాసాగా వైపరు వేశాడు. వైపర్లు అటు వెళ్లి ఇటు వచ్చాయి. అద్దమంతా పచ్చగా, జిడ్డుగా, మజ్జిగపులుసు పులిమినట్టు అలుక్కుపోయింది. రోడ్డు లేదు, ముందు బండి లేదు. ఎదురుగా వచ్చే లారీ దీపాలు అద్దం నిండా పరుచుకుని కళ్లలో పొడిచాయి. ఆయన మీట నొక్కి అద్దం మీదికి నీళ్లు చిమ్మించాడు. జిడ్డు ఇంకా చిక్కబడింది. స్పీడు తగ్గించి, మెల్లగా పక్కకి తీసి ఆపేశాడు.

దిగి వానలోనే ముందుకి వెళ్లాడు. వైపరు లేపి, రబ్బరు మీద బొటనవేలు పెట్టి చివరిదాకా లాగాడు. వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఆ వేలు పచ్చగా ఉండడం లోపల్నుంచి నాకు కనిపించింది. నాకు గిన్నె గుర్తొచ్చింది. నువ్వుల నూనె, పసుపు. నాగలికి రాసినట్టే రాసేసింది. పిల్ల బతుకంతా ఒక గంట మీద వేలాడుతుంటే ఈ ముసలామె చేసిన పని ఇది. నాకు కాలి నుంచి తల దాకా మంట లేచింది. వెనక్కి తిరిగాను. మా అత్త కిటికీ బయటికి చూస్తోంది. నోరు తెరిచాను.

అప్పుడే ఆయన తలుపు తీశాడు. మొహం మీంచి నీళ్లు కారుతున్నాయి. నా కళ్లలోకి సూటిగా చూశాడు. ఊరుకో అన్నట్టు కాదు. నా మాట ఎక్కడిదాకా వచ్చిందో తెలిసినట్టు చూశాడు. ఆ తర్వాత వెనక సీటు కేసి తిరిగి చెప్పాడు.

"రబ్బర్లు సచ్చిపోనాయి. మార్సాలి మార్సాలి అనుకుంటానే బద్దకించీసినాను. నాదే తప్పు."

రేఖ నమ్మలేనట్టు చూసింది. "నువ్వా నాన్నా? నువ్వు మార్సకపోడమేటి?"

"నేనే. మనిషన్నాక మర్సిపోడా? పది నిమషాలు ఓపిక పట్టు."

నా నోరు మూతపడింది. బెదిరి కాదు. ఈ మనిషి తన బతుకంతా కూడబెట్టుకున్నది ఆ ఒక్క పేరు. ఆస్తి అంటే అదే, గొప్ప అంటే అదే. దాన్ని తీసి, ఒక్క క్షణం ఆలోచించకుండా, వానలో రోడ్డు పక్కన పారేశాడు.

రేఖ ఏడుపు గొంతుతో అంది. "నాన్నా, ఎలాగో ఒగలాగ పోనీ. మెల్లగా ఎల్దాం. టైం దాటిపోతాది."

"కనపడకండా నేను తోలను," అన్నాడు. గొంతు పెంచలేదు. "నిన్ను కూకోబెట్టుకుని అస్సలు తోలను."

అప్పుడే పృథ్వీరాజ్ గారు ఫోను చేశారు. బరువు చూడడం మొదలుపెట్టేశారు, ఎక్కడున్నారు అన్నారు. దార్లో ఉన్నాం సార్ అని చెప్పి ఫోను పెట్టేశాను. దార్లోనే ఉన్నాం మరి, కదలడం లేదంతే.

కొంచెం అవతల ఒక బడ్డీకొట్టు ఉంది. ఆయన పరిగెత్తుకెళ్లి షాంపూ పాకెట్లు, పాత పేపర్లు పట్టుకొచ్చాడు. కొట్టువాడు టార్పాలిను ముక్క ఒకటి ఇచ్చాడు. నేను దిగి, బానెట్టు మీదికి వంగి, దాన్ని అద్దానికి అడ్డంగా రెండు చేతులతో పట్టుకున్నాను. రేఖ కూడా దిగబోతే ఇద్దరం ఒకేసారి కసిరాం. తడిసి వణికే పిల్ల ఏం బరువెత్తుతుంది? ఆయన షాంపూ పోసి అద్దం రుద్దాడు, నీళ్లు పోశాడు, పేపరుతో తుడిచాడు. రబ్బరు అంచుని గుడ్డకి షాంపూ రాసి లాగాడు. మా పక్కనుంచి పోయే ప్రతి లారీ మా మీద బురద చిమ్మి, హారను కొట్టి మరీ వెళ్లింది. టార్పాలిను గాలికి చేతుల్లోంచి ఊడిపోతుంటే నాకు వచ్చిన తిట్లన్నీ వాయుగుండాన్ని తిట్టాను.

ఆ సమయంలోనే ఎదురుగా స్టేషను వైపు వెళ్తూ కొండబాబు కారు ఆగింది. లోపల రైలుకి వెళ్లే పాసింజర్లున్నారు. అద్దం దించి వింతగా చూశాడు.

"ఏటి బావా, నీ వైపరేనా?"

"నాదేరా. మార్సకండా ఒగ్గీసినాను," అని మా ఆయన తల ఎత్తకుండానే జవాబు చెప్పాడు.

కొండబాబు పడీ పడీ నవ్వి, రైలు టైమైపోతుందని వెళ్లిపోయాడు. ఆ నవ్వు ఎక్కడిదాకా వెళ్తుందో నాకు తెలుసు. ఆయనకీ తెలుసు.

మొదటిసారి వేసి చూస్తే ఇంకా మసకే. మళ్లీ అంతా కడిగాడు. ఆయన వేళ్ల చివర్లు తెల్లగా నానిపోయాయి. మళ్లీ లోపలికొచ్చి వైపరు వేశాడు. ఈసారి రోడ్డు కనిపించింది. నల్లగా, తడిగా, చివరిదాకా కనిపించింది. ఆ రోడ్డు నాకు అంత అందంగా అంతకుముందు ఎప్పుడూ కనిపించలేదు. రణస్థలం దాటాం, నాతవలస దగ్గర కుడికి తిరిగాం. వైపర్లు చప్పుడు లేకుండా అటూ ఇటూ తిరుగుతున్నాయి. మా అత్త రేఖ చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని నిమురుతూ కూర్చుంది.

స్టేడియం గేటు దగ్గర కారు ఇంకా పూర్తిగా ఆగకముందే రేఖ దూకి పరిగెత్తింది. పృథ్వీరాజ్ గారు తలుపు దగ్గరే నిలబడి చెయ్యి ఊపుతున్నారు. లోపల వాళ్లు కాగితాలు సర్దుకుంటుండగా ఇది కాటా ఎక్కింది. బరువు సరిపోయింది. ఆ మాట వినగానే నేను తెచ్చిన టిఫిను డబ్బా విప్పాను.

పోటీలో ఏం జరిగిందో నాకు వరసగా గుర్తులేదు. రేఖ చేతులకి సుద్ద పొడి రాసుకుని వచ్చి కడ్డీ ముందు నిలబడడం గుర్తుంది. దాని మెడ నరాలు ఉబ్బడం, మోకాళ్లు వణకడం, ఆ కడ్డీ తల మీదికి లేచి అక్కడే నిలవడం గుర్తున్నాయి. ఎత్తింది చెల్లిందని పైన తెల్ల దీపాలు వెలిగాయి, హాలంతా అరిచింది. మా ఆయన అరవలేదు. తడి బట్టలతో వెనక గోడకి ఆనుకుని, రెండు చేతులూ జోడించుకుని నిలబడ్డాడు. జట్టులో దాని పేరు మొదట చదివారు. మా అత్త నా భుజం పట్టుకుని లేచి, "అది మా మనవరాలు," అని పక్కనున్న ముక్కూమొహం తెలియనివాళ్లందరికీ చెప్పుకొచ్చింది. నా కూతుర్ని చూసి నాకు ఎంత గర్వమేసిందో చెప్పక్కర్లేదు. కానీ ఆ రోజు నేను వెనక్కి తిరిగి గోడ దగ్గరున్న మనిషిని ఎక్కువసార్లు చూశాను.

అనుకున్నట్టే మర్నాటికి స్టాండులో పేరు మారిపోయింది. షాంపూ జగన్నాధం. ఈయన కారు వైపర్లు లేపుతుంటే, "షాంపూ ఉన్నాదా బావా?" అని ఒకడు. రబ్బరు సంగతి ఎవరికైనా చెప్పబోతే, "ముందు నీది మార్సుకో అన్నా," అని గోవింద్. వానాకాలం కదా, ఎవరూ ఈయన్ని పిలిచి రబ్బరు చూపించడం లేదు. వాడు చెప్పాడని, వీడు నవ్వాడని నాకు అన్నీ చేరేవి. ఒక రోజు ఆగలేక అడిగేశాను.

"ఎన్నాళ్లు పడతావు మావా? నిజం సెప్పీరాదా? నువ్వు సెప్పకపోతే నేనే ఎల్లి సెప్తాను."

"నవ్వితే నవ్వనీ. నాకేటి తరిగిపోయింది?" అన్నాడు. "అమ్మ ఏటి సేసినా మన మంచికని సేస్తాది. తన పసుపు వల్ల గుంట పోటీ పోయేదని తెలిస్తే, ఇంక ఏ వస్తువు మీదా సెయ్యెయ్యదు. ముట్టుకోడానికి బయపడతాది. ఈ వయసులో అమ్మ సెయ్యి ఆగిపోకూడదే."

ఆ రాత్రి అన్నం పెడుతూ ఆయనకి ఇంకో గరిటె పప్పు ఎక్కువ వేశాను. ఇంతకంటే చెప్పడం నాకు రాదు.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం కొండబాబు మా ఇంటికొచ్చాడు. ఏదో బేరం సంగతి చెప్పిపోదామని. మా అత్త అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది.

"ఏటత్తా, షాంపూ బావ నేడా?" అన్నాడు.

"షాంపూ ఏట్రా?" అని ఆవిడ అడిగింది. నేను లోపల్నుంచి వచ్చేలోపే వాడు నవ్వుతూ మొత్తం చెప్పేశాడు. వైపర్ల గురించి ఊరందరికీ పాఠాలు చెప్పే మనిషి సొంత వైపరు వదిలేసి రోడ్డు మీద నిలబడ్డాడని, ఇప్పుడు స్టాండులో ఎవరూ లెక్కచెయ్యడం లేదని. మా అత్త గింజ తీస్తున్న చెయ్యి ఆపలేదు.

మర్నాడు పొద్దున్నే తలస్నానం చేసి, పెట్టెలోంచి జరీ అంచు చీర తీసి కట్టుకుంది. "ఆటో పిలు," అంది నాతో. ఎక్కడికత్తా అంటే, "మీ ఆయన స్టాండుకి," అంది.

ఆటోలో వెళ్తుండగా నేను మెల్లగా అడిగాను. "నీకు తెలుసా అత్తా?"

"తెల్దేటే? నా కళ్లు మసకలు గానీ నా పసుపు నాకు తెల్దా? అద్దమంతా పచ్చగా అయిపోతే సూసినాను. సెప్దామనే అనుకున్నాను. ఈలోగా ఆడు తన మీదేసుకున్నాడు. కొడుకు అంత మాటన్నాక మద్దిలో నేను నోరెట్టి ఆడి మాట తీసెయ్యనా? ఇంటోని సంగతి, ఇంటోనే ఉంటాదనుకున్నాను. ఆళ్లందరూ ఆణ్ణి నవ్వుతన్నారని నాకెవులు సెప్పినారు?"

ఆ ఆఖరి మాటలో కోపమంతా నా మీదే. నాకు కోపం రాలేదు. ఈ కొడుకు ఎవరి కడుపున పుట్టాడో ఆ ఆటోలో నాకు బాగా అర్థమైంది.

రైలు వచ్చే వేళ కావడంతో స్టాండులో అందరూ ఉన్నారు. మా ఆయన మమ్మల్ని చూసి కంగారుగా ఎదురొచ్చాడు. "ఎవులు రమ్మన్నారే నిన్ను?" అన్నాడు వాళ్లమ్మతో. ఆవిడ ఆయన్ని చేత్తో పక్కకి తప్పించి, కార్ల వరస ముందుకెళ్లి నిలబడింది.

"ఒరే కొండబాబూ, ఇలగ రా. మీరందరూ కూడా ఇనండి. ఆ రోజు వైపర్లకి నూనీ పసుపూ రాసింది నేను. మావోడు అంతకు ముందురోజే శుబ్బరంగా తుడుసుకున్నాడు. ఆడి తప్పు ఏటీ నేదు. నన్ను ఒగ మాట అనకండా తన మీదేసుకున్నాడు. మీరు నవ్వాలనుకుంటే నన్ను సూసి నవ్వండి."

ఎవరూ నవ్వలేదు. కొండబాబు చేతిలో టీ గ్లాసు పట్టుకుని ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడ్డాడు. మా ఆయన తల వంచుకున్నాడు. పెళ్లిచూపుల రోజు నవ్వుతున్న వీధి ముందు వంగని తల అది, వాళ్లమ్మ ముందు వంగింది. నా గుండె నిండిపోయి కళ్లమ్మట నీళ్లొచ్చాయి. నేను దాచుకోలేదు.

గోవింద్ మాత్రం ఉండబట్టలేక అడిగాడు. "అది సరే మామ్మా, వైపర్లకి నూనె రాయడమేటి? ఎందుకు రాసినావు?"

"గుంట గెలవాలని," అంది మా అత్త. వాడి కేసి ఎగాదిగా చూసింది. "గెలిసింది కదేటి?"

మా ఆయన కారు ముందు తలుపు తీసి వాళ్లమ్మని కూర్చోబెట్టాడు. నన్ను వెనక ఎక్కమన్నాడు. రైలు కూత పెడుతున్నా బేరం చూసుకోకుండా మమ్మల్నిద్దర్నీ ఇంటికి తీసుకొచ్చేశాడు.